కుంగుబాటుకు మొదటిసారి మందు: ఫార్మసిస్టు చెప్పవలసినవి

నాచారం పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు చేసే ఒక కార్మికుణ్ణి ఊహించుకోండి. కొన్ని నెలలుగా నిద్ర లేదు, ఆకలి లేదు, దేని మీదా మనసు లేదు. డాక్టరు కుంగుబాటుగా నిర్ధారించి ఎస్సిటాలోప్రామ్ మాత్రలు రాశారు. అతను వాటిని నాచారం ఈఎస్ఐ ఆసుపత్రిలో తీసుకున్నా, ఉప్పల్ కూడలిలోని షాపులో కొన్నా, ఇంటికి వెళ్లేముందు చివరగా మాట్లాడేది ఫార్మసిస్టుతోనే. ఆ కాస్త సమయంలో ఏం చెప్పారన్న దాన్ని బట్టి అతను మందు కొనసాగిస్తాడా, మానేస్తాడా అన్నది చాలావరకు తేలుతుంది.

ఎందుకో చూద్దాం. ఈ తరగతి మందులు మెదడులో నాడీకణాల మధ్య సెరటోనిన్ ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. ఆ మార్పు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. కానీ కణాలు దానికి సర్దుకొని, మనసు తేలికపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. వికారం, తలనొప్పి, నిద్రలో తేడా మాత్రం మొదటి రోజుల్లోనే కనిపిస్తాయి. అంటే రోగికి ముందు అందేది ఇబ్బంది, మేలు ఆ తరవాత. ఈ వరుస ముందే తెలియనివారు పదో రోజున “ఈ మందు నాకు పడలేదు” అని పక్కన పెట్టేస్తారు. తెలిసినవారు ఓపిక పడతారు. ఇబ్బందులు చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయనీ, తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుందనీ చెప్పాలి.

ఇది ఫార్మసిస్టు దయతో చేసే పని కాదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి వివరించడాన్ని రిజిస్టర్డు ఫార్మసిస్టు బాధ్యతల్లో చేర్చాయి.

ఇక రోగి పైకి అడగని ప్రశ్న ఒకటుంది: “వీటికి అలవాటు పడిపోతానా?” వ్యసనం కలిగించే మందులు కావని సూటిగా చెప్పండి. అయితే ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు తగిలినట్లు అనిపించడం ఉండవచ్చు. అందుకే డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. బాగైన తరవాత కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగిస్తారు. ఒక మోతాదు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. షాపు మారినప్పుడు అదే మందు వేరే బ్రాండు పేరుతో రావచ్చు. రెండూ వేర్వేరు మందులనుకొని కలిపి వేసుకునేవారుంటారు. అట్ట మీద అసలు మందు పేరు చూపించండి. నొప్పుల మాత్రలు, ముఖ్యంగా ట్రమడాల్, వాడుతున్నారేమో అడగండి. మన కార్మికుడి విషయంలో మరో ప్రశ్న తప్పదు: యంత్రం దగ్గర పనా? మందు ఎలా పనిచేస్తుందో తెలిసేవరకు మగత విషయంలో జాగ్రత్త అవసరం.

ఎలా చెప్పాలన్నది కూడా పాఠమే. మన నగరంలో ఎర్రగడ్డ పేరే ఒక ఎగతాళి మాట అయింది. వరుసలో కాలనీవాళ్లు నిలబడి ఉండగా జబ్బు పేరు గట్టిగా పలికితే ఆ రోగి మళ్లీ ఆ షాపుకు రాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. కౌంటరు చివరకు పిలిచి గొంతు తగ్గించి మాట్లాడడానికి ప్రత్యేక గది ఏమీ అక్కర్లేదు. చివర్లో “అర్థమైందా?” అని అడగకండి, అందరూ అవుననే అంటారు. “ఇంట్లో అమ్మగారికి ఈ మాత్ర గురించి ఎలా చెబుతారు?” అని అడిగి చూడండి.

ఒక్క విషయంలో మాత్రం ఎదురుచూడకూడదు. మొదటి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్లలోపు వారిలో, చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చు లేదా పెరగవచ్చు. అకారణంగా మితిమీరిన హుషారు కనిపించినా ప్రమాద సూచనే. వెంటనే డాక్టరును కలవాలని రోగితో పాటు, అతను ఒప్పుకుంటే, ఇంటివారికీ చెప్పండి. 24 గంటలూ పనిచేసే టెలీ మానస్ నంబరు 14416ను మందుల కవరు మీద పెన్నుతో రాసి ఇవ్వండి.