తెరపై అక్షర వికృతి: లినక్సు గ్రాఫిక్స్ లైబ్రరీ మార్పు, దోషనిర్ణయ క్రమము

పెరంబూరు పేరు వినగానే రైలుపెట్టెల కర్మాగారము స్ఫురించును. 1955 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన ఆ ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో పెట్టె వేరుగను, దానిని మోయు చక్రముల చట్రము వేరుగను సిద్ధమై, పిదప ఒకటిగా కూర్చబడును. ఒకదాని కొలత మారి, రెండవదాని కొలత మారనిచో, విడివిడిగా రెండును నిర్దుష్టములే యైనను బండి నడువదు. లినక్సు కంప్యూటరులో గ్రాఫిక్స్ లైబ్రరీని నవీకరించిన పిమ్మట తెర చెదరుటకును తఱచుగా ఇట్టి పొందికలోపమే కారణమగుచున్నది.

చెన్నపట్టణమునకు లినక్సు క్రొత్తది కాదు. సీ-డాక్ సంస్థ యొక్క చెన్నై కేంద్రము డెబియన్ ఆధారముగా బాస్ లినక్సును రూపొందించినది. 2011లో తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన ఉచిత లాప్‌టాప్ పథకము ద్వారా అది విద్యార్థుల యిండ్లకును చేరినది. అట్టి యంత్రములలో పెద్దల జాబులు, పద్యములు, సంఘముల లెక్కలు తెలుగున భద్రపఱచుకొన్న కుటుంబములకు తెర చెదరుట సామాన్యమైన చిక్కు కాదు. వ్రాతయే నశించెనని భ్రమించి డిస్కును తుడిచివైచినచో, లేని నష్టమును చేజేతుల తెచ్చుకొన్నట్లగును.

మొదట గ్రహింపవలసినది: ఫైలులో నుండునవి అక్షరముల చిత్రములు కావు, సంఖ్యలు మాత్రమే. 'స్త్రీ' అను నక్షరము యూనికోడులో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను ఆఱు సంకేతములుగా నిలిచియుండును. హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ ఆ ఆఱింటిని గూర్చి వత్తులతోడి యొకే రూపముగా తీర్చును. ఫ్రీటైప్ ఆ రూపమునకు చుక్కల చిత్రము గీయును. 1993లో బ్రయాన్ పాల్ ఆరంభించిన మీసా లైబ్రరీ గ్రాఫిక్స్ యంత్రభాగముచేత పనిచేయించి చిత్రములను కూర్పించును. తుదకు కెర్నెలులోని డ్రైవరు వానిని తెరకు పంపును. ఈ అంతస్తులలో ఎచ్చట తప్పు జరిగినను చెడునది చిత్రమే గాని మూలము కాదు.

కావున వికృతి స్వరూపమును బట్టి దోషస్థానమును ఊహింపవచ్చును. ఇంగ్లీషు అక్షరములు స్వచ్ఛముగ నుండి, తెలుగు మాత్రము డబ్బాలుగ కనబడినచో అది ఫాంటు లోపము. వత్తులు విడిపోయి పొల్లులు బయటపడినచో అది ఫాంటునకును హార్ఫ్‌బజ్‌నకును గల పొందికలోపము. 2019లో వెలువడిన పాంగో 1.44 పాత బిట్‌మ్యాప్ ఫాంట్లను విడిచిపెట్టగా, వానినే నమ్మియున్న తెరలు డబ్బాలతో నిండినవి. ఇట్టి చిక్కులు లినక్సునకే పరిమితములు కావు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను నక్షరమునకు సంబంధించిన యొక సంకేతవరుస ఐఫోనులలోని అప్లికేషన్లను కూల్చగా, ఐఓఎస్ 11.2.6 ద్వారా ఆపిల్ సంస్థ దానిని సవరించినది.

అట్లుగాక బొమ్మలు, కిటికీలు, అన్ని భాషల అక్షరములు కలసి చీలికలుగను రంగుల ముద్దలుగను కనబడినచో మీసాను గాని డ్రైవరును గాని శంకింపవలయును. అపుడు పరీక్షాక్రమ మిట్లుండవలెను.

మొదట ఫైలులకు వేఱొకచోట ప్రతి తీసికొనవలయును. పిదప యంత్రమును పూర్తిగ ఆపి మరల నడుపవలయును. నడచుచున్న ప్రోగ్రాములు పాత లైబ్రరీనే జ్ఞప్తియందుంచుకొని, క్రొత్తగ తెఱచినవి క్రొత్తదానిని గైకొనుటచే పొత్తు కుదరకపోవచ్చును. నవీకరణము నడుమ నిలిచిపోయెనేమో చూచి, దానిని పూర్తిచేయవలయును.

రెండవది తెరపట్టు పరీక్ష. తెరను చిత్రముగ భద్రపఱచి వేఱొక యంత్రమున చూచినపుడు వికృతి కానవచ్చినచో దోషము చిత్రమును కూర్చుచోట కలదు. చిత్రము స్వచ్ఛమైనచో డ్రైవరు, కేబులు, తెర అనువానిని చూడవలయును. లినక్సు మొదలగుటకు ముందే వికృతి యున్నచో అది ప్రాయికముగ యంత్రభాగదోషము.

మూడవది, ఒక్క బ్రౌజరు మాత్రమే చెదరినచో దానిని మూసి, అది దాచుకొన్న గ్రాఫిక్స్ క్యాష్‌ను తొలగింపవలయును. పాత లైబ్రరీకై సిద్ధపఱచిన షేడర్లు క్రొత్తదానికి పొసగకపోవచ్చును. ఆ క్యాష్ తిరిగి తానే యేర్పడును గనుక నష్టము లేదు.

నాల్గవది, గ్రాఫిక్స్ యంత్రభాగమును విడిచి ప్రాసెసరుచేతనే చిత్రములు గీయించు పద్ధతి మీసాలో కలదు. అట్లు చేయగా తెర కుదుటపడినచో యంత్రభాగమును నడుపు డ్రైవరే శంకాస్పదము. అపుడు పూర్వపు లైబ్రరీని, లేదా పూర్వపు కెర్నెలును నిలిపి చూడవలయును.

మిగుల పాతవగు యంత్రముల విషయము వేఱు. 2022లో వెలువడిన మీసా 22.0 పాత పద్ధతి డ్రైవర్లను తొలగించినది. అవి ఆంబర్ అను వేఱు శాఖయందు మాత్రమే నిలిచినవి. కనుక నిన్నటివఱకు నడచిన యంత్రము నేడు నెమ్మదించినచో అది చెడినదని పాఱవేయ నక్కఱలేదు.

ఏ పరీక్షయందైనను ఒకసారి ఒక్క మార్పే చేసి, ఫలితమును తేదీతో వ్రాసికొనుట యుత్తమము. పలుమార్పులు ఒక్కమారు చేసినచో తెర బాగుపడినను కారణము తెలియదు; కారణము తెలియనిచో మరుసటి నవీకరణమునాడు అదే చిక్కు తిరిగి యెదురగును. తెర చెదరినను తెలుగువ్రాత చెదరలేదను నమ్మకముతో నిదానించువాడే తన పెద్దల వ్రాతలను కాపాడుకొనగలడు.