మృత్యువుకు కట్టిన కంచె

భయానక చిత్రాలకు సాధారణంగా ఒక రూపం కావాలి: దెయ్యమో, ముసుగు మనిషో, కోరలున్న మృగమో. 2000 మార్చిలో విడుదలైన ‘ఫైనల్ డెస్టినేషన్’ ఆ అవసరం లేకుండానే భయపెట్టింది. ఇందులో మృత్యువే ప్రతినాయకుడు. దానికి ముఖం లేదు. జెఫ్రీ రెడిక్ మొదట ‘ది ఎక్స్-ఫైల్స్’ ధారావాహిక కోసం ఊహించిన కథ ఇది. ఆ ధారావాహికకే పనిచేసిన గ్లెన్ మోర్గన్, జేమ్స్ వాంగ్ దీనిని సినిమాకు తగినట్లు తిరగరాశారు. వాంగ్ దర్శకత్వం వహించాడు.

న్యూయార్క్ నుంచి పారిస్‌కు విహారయాత్రకు బయలుదేరిన విద్యార్థుల్లో అలెక్స్ అనే కుర్రవాడికి, విమానం కదలకముందే అది పేలిపోతున్నట్లు కనిపిస్తుంది. అతడి గొడవ వల్ల ఏడుగురు దిగిపోతారు; విమానం నిజంగానే పేలిపోతుంది. అందులో ఉండివుంటే ఏ వరుసలో పోయేవారో, ఆ వరుసలోనే మృత్యువు వారిని వెదుక్కుంటూ వస్తుంది. దాని ఆయుధాల్లో కొన్ని ఇంట్లోవే: స్నానాలగదిలో కారిన నీళ్ళు, బట్టలారేసే తీగ, పగుళ్ళిచ్చిన కప్పు.

ఈ ఊహ మనకు కొత్త కాదు. తక్షకుడి కాటుకు ఏడు రోజుల్లో మరణిస్తావన్న శాపం విని, భారతం ఆదిపర్వంలో పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడలో వైద్యుల, మాంత్రికుల కాపలా నడుమ కూర్చున్నాడు. మృత్యువు పండులో పురుగై వచ్చింది. విషం విరచగల కాశ్యపుడు, రాజు ఆయువు తీరిందని దివ్యజ్ఞానంతో గ్రహించి, తక్షకుడిచ్చిన ధనంతో దారిలోనే వెనుదిరిగాడు. చిత్రంలో అలెక్స్ కట్టుకున్న మేడ అడవిలోని ఒక కుటీరం. అపాయం కలిగించగల ప్రతి వస్తువునూ అనుమానిస్తూ అందులో దాక్కుంటాడు.

వైద్యశాస్త్రం కూడా ఎవరి మరణాన్నీ రద్దు చేయలేదు. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని సకాలంలో తెరిస్తే ఒక మనిషి బతుకుతాడు. ఏళ్ళ తరువాత క్యాన్సర్‌తో పోవచ్చు. ఒక కారణం నుంచి తప్పించుకున్నవారు మరో కారణానికి అందుబాటులోనే ఉంటారు. గణాంకశాస్త్రం వీటిని పోటీపడే ప్రమాదాలుగా లెక్కిస్తుంది. అయితే చిత్రానికీ వాస్తవానికీ ఒక భేదముంది. తప్పించుకున్నందుకు నిజజీవితంలో మృత్యువు పగబట్టదు.

ఈ భేదం గుర్తించని రోగులు ఎందరో. గుండెపోటు నుంచి కోలుకున్నాక మెట్లెక్కడానికీ, మనవడిని ఎత్తుకోవడానికీ భయపడి, గదికే పరిమితమవుతారు. వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా చేసే వ్యాయామమే వారికి రక్ష. మితిమీరిన భయం కట్టే కంచె, కాపాడదలచిన ప్రాణాన్నే కుంగదీస్తుంది.

ఈ చిత్రానికి మొదట తీసిన ముగింపు వేరు. అందులో అలెక్స్ తన స్నేహితురాలు క్లియర్‌ను కాపాడుతూ మరణిస్తాడు. ఆమె వారి బిడ్డను కంటుంది. ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులకు అది రుచించక, పారిస్‌లో మృత్యువు మళ్ళీ ఎదురయ్యే ముగింపు చిత్రీకరించారు. భయపెట్టడానికి రెండోదే తగినది కావచ్చు. కానీ మొదటి ముగింపు భాగవతంలోని పరీక్షిత్తుకు దగ్గర. అక్కడ అతడు మేడ కట్టలేదు. గంగ ఒడ్డున కూర్చొని, ఆ ఏడు రోజులూ శుకుడు చెప్పినది విన్నాడు. దొరికిన గడువు అందరికీ ఒకటే కాదు. దానిని దేనికి వెచ్చించాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.