టీ64 అనే తోక

ఆదోనిలో డీటీపీ షాపు నడిపే పాఠకుడొకరు పోయిన నెల ఉత్తరం రాశారు. పెళ్ళి పత్రికలు, పత్తి మార్కెట్ యార్డు దుకాణాలకు రసీదు పుస్తకాలు వేసిచ్చే చిన్న షాపు. కంప్యూటర్‌లో డెబియన్ లినక్సు 12 ఉంది. 2025 ఆగస్టు 9న 13వ వెర్షన్ విడుదలైందని తెలిసి దానికి మారబోయారు. తీసేసేవి ఇవీ, కొత్తగా పెట్టేవి ఇవీ అంటూ తెర మీద పేజీల కొద్దీ పేర్లు వచ్చాయి. "లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 పోయి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 వస్తాదంట సార్. ఇట్లాంటివి లెక్కలేనన్ని ఉండాయి. అన్నిటికీ ఒకటే తోక. ఇదేమన్నా వైరస్సా? వై నొక్కాల్నా, ఎన్ నొక్కాల్నా?" అని అడిగారు. రెండు రోజులుగా ఏదీ నొక్కకుండా అట్లాగే వదిలేశారట.

వై నొక్కండి. ఏమీ కాదు. కానీ ఆ తోక గురించి నన్ను అడిగిన మొదటి మనిషి మీరే. అందుకని ఒక్క మాటతో మిమ్మల్ని వదలను.

ముందు నాలుగు ముక్కలు. డెబియన్ అంటే 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్సు పంపిణీ. దీన్ని నడిపేది కంపెనీ కాదు, ప్రపంచమంతా చెదిరి ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు. ఉబుంటు దీని మీద కట్టిందే, మన స్వేచ్ఛ సంస్థ తెచ్చిన తెలుగు లినక్సూ దీని మీద కట్టిందే. ఎవరో ఎక్కడో రాసిన ప్రోగ్రామును తెచ్చి, కంపైల్ చేసి (అంటే యంత్రం నడపగల రూపంలోకి మార్చి), దానికి ఇంకా ఏమేం కావాలో చీటీ రాసి, పేరు పెట్టి, మీ కంప్యూటర్‌లో సరిగ్గా కూర్చునేలా మూట కట్టేవాడు మెయింటెయినర్. ఆ మూట పేరే ప్యాకేజీ. డెబియన్ 13లో 69,830 ప్యాకేజీలున్నాయి. వీటిలో కొన్నింటి పని సులువు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన2000, వేమన2000 ఫాంట్లనే చూడండి. ఫాంటును ఏ కంప్యూటర్‌లో పెట్టినా ఫాంటే, దాన్ని కంపైల్ చేసే గొడవ లేదు. చిక్కంతా లైబ్రరీలతోనే. వందల ప్రోగ్రాములు కలిసి వాడుకునే ఉమ్మడి కోడును లైబ్రరీ అంటాం. మీకు కనిపించిన తోకలన్నీ వాటికి మొలిచినవే.

టీ అంటే టైమ్. 64 అంటే 64 బిట్లు.

యూనిక్స్ వంశంలో పుట్టిన ప్రతి కంప్యూటరూ కాలాన్ని సెకన్లలో లెక్కపెడుతుంది. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్నదే దాని గడియారం. ఆ అంకెకు మొదట 32 బిట్ల చోటిచ్చారు. అందులో పట్టే పెద్ద అంకె 2,147,483,647. అది మన గడియారంలో 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది. మరుసటి సెకనుకు అంకె రుణసంఖ్యగా తిరగబడి, కంప్యూటర్ 1901 డిసెంబరులోకి వెళ్ళిపోతుంది.

ఈ తప్పు పుట్టింది యూనిక్స్ తొలినాళ్ళలోనే, అదీ ఇంతకంటే ఘోరంగా. 1971 నాటి మొదటి మాన్యువల్ ప్రకారం లెక్క సెకన్లలో కాదు, సెకనులో అరవయ్యో వంతుల్లో. 32 బిట్లూ మొత్తం వాడుకున్నా రెండేళ్ళ మూడు నెలలకే పాత్ర నిండిపోతుంది. యూనిక్స్‌ను సృష్టించిన, అంత తెలివైన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు రెండేళ్ళ ముందుచూపుతో గడియారం కట్టారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత సెకన్లకు మారారు, 68 ఏళ్ళు చేతికొచ్చాయి. అప్పటికి ఈ యంత్రాలు ఉంటాయా అనుకున్నారు. ఉన్నాయి. మీ డెస్క్‌టాపు 64 బిట్లదే కావచ్చు, కానీ సెట్‌టాప్ బాక్సుల్లో, రౌటర్లలో, ఫ్యాక్టరీ నియంత్రణ పెట్టెల్లో 32 బిట్ల ఆర్మ్ చిప్పులు లెక్కకు మిక్కిలిగా నడుస్తున్నాయి, ఇంకా తయారవుతున్నాయి.

"అయితే 32ను 64 చేస్తే పోలేదా?" అంటారు. చేయవచ్చు. చేస్తే 29,200 కోట్ల సంవత్సరాల దాకా చింత లేదు. కానీ ఆ మార్పు ఎంత కష్టమో, డెబియన్ వాళ్ళు దాన్ని ఎంత అందంగా చేశారో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక లైబ్రరీ ఉంది, ఫైలు వివరాలు అడిగితే ఒక చీటీ మీద రాసిస్తుంది అనుకోండి. చీటీలో మొదటి 4 బైట్లు సమయానికి, ఆ పక్క 4 బైట్లు ఫైలు సైజుకు. అడిగిన ప్రోగ్రాముకు ఈ పద్ధతి తెలుసు. కంపైల్ అయిన రోజునే "సైజు కావాలంటే అయిదో బైటు నుంచి చదువు" అన్న మాట దాని ఒంట్లో ఇంకిపోయింది. ఇప్పుడు లైబ్రరీని మాత్రమే 64 బిట్ల సమయంతో మళ్ళీ కంపైల్ చేశాం. సమయానికి 8 బైట్లు, సైజు తొమ్మిదో బైటుకు జరిగింది. పాత ప్రోగ్రాము మాత్రం అయిదో బైటు దగ్గరే చదువుతుంది. అక్కడున్నది సమయం తాలూకు పైసగం. ఈ రోజుల్లో ఆ పైసగం సున్నా. కాబట్టి మీ ఫైలు సైజు సున్నా అని ప్రోగ్రాము నమ్ముతుంది. ఎర్రర్ రాదు, ఎవరూ అరవరు. ఇంకా చెడ్డ సంగతేమిటంటే, ప్రోగ్రాము 8 బైట్ల చీటీ చేతికిస్తే లైబ్రరీ దాని మీద 12 బైట్లు రాసి, పక్కనున్న మరొకరి చోటునూ చెరిపేస్తుంది.

ఎమ్మిగనూరు మగ్గాల వాళ్ళకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని మొత్తం లాగేసి, కొత్త పడుగు పోగులన్నీ పన్నెలోంచి మొదటి నుంచీ దూర్చుకుంటూ కూర్చోరు. పాత పడుగు కొసలు అలాగే ఉంచి, కొత్త పోగును పాత పోగుకు ఒక్కొక్కటిగా, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలివేస్తారు. అచ్చు అతకడం అంటారు దీన్ని. వేల పోగులు. ఆ వరసలో ఒక్క పోగు పక్కదానికి అతికిందనుకోండి, అతికేటప్పుడు ఏ గంటా మోగదు. అక్కడి నుంచి మిగిలినవన్నీ ఒక పోగు పక్కకు జరిగిపోతాయి. నేత మొదలయ్యాకే గుడ్డలో తేడా బయటపడుతుంది. ప్రోగ్రాముకూ లైబ్రరీకీ మధ్య ఉన్నది అచ్చంగా ఈ అతుకే. దీన్ని ఏబీఐ అంటారు.

ఈ అతుకు చెడకుండా మామూలుగా కాపాడేది లైబ్రరీ ఫైలు పేరులోని అంకె. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 అని ఉంటే, మూడో రకం అతుకు అని అర్థం. లైబ్రరీ రాసినవాళ్ళు చీటీ పద్ధతి మారిస్తే అంకెను 4 చేస్తారు, పాత ప్రోగ్రాములు పాత 3నే పట్టుకుని ఉంటాయి. ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు కంప్యూటర్ చూసేది ముఖ్యంగా ఈ పేరునే. పేరు కుదిరితే లోపల ఏముందని తరచి చూడదు.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూడండి. లైబ్రరీ రాసినవాళ్ళు ఒక్క అక్షరం మార్చలేదు. మారిందల్లా కంపైల్ చేసేటప్పుడు ఇచ్చే ఒక సూచన, సమయానికి 64 బిట్లు వాడమని. కాబట్టి అంకె 3గానే ఉంటుంది. లోపల అతుకు మారింది, పైన పేరు మారలేదు. డెబియన్ వాళ్ళు తమంతట తాము 4 అని పెట్టుకోవచ్చు కదా అంటే, రేపు అసలు రచయితలే 4 తెస్తే రెండు నాలుగులు తలపడతాయి. మిగతా లినక్సులతోనూ పొత్తు కుదరదు.

అందుకని ఫైలు పేరు ముట్టుకోలేదు. మూట పేరు మార్చారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 అనే ప్యాకేజీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. రెండింటిలోనూ ఉన్న ఫైలు పేరు ఒకటే కనుక రెండూ ఒకే కంప్యూటర్‌లో ఉండలేవు, ఒకటి పోతేనే ఇంకొకటి వస్తుంది. మీ తెర మీద "తీసేసేవి" జాబితా అంత పొడుగు రావడానికి కారణం అదే. కొత్త లైబ్రరీతో కంపైల్ అయిన ప్రతి ప్రోగ్రాము మూట మీది చీటీలోనూ "నాకు టీ64 తోక ఉన్నదే కావాలి" అని తనంతట తనే రాసుకుపోతుంది. అందువల్ల పాత పోగు కొత్త పోగుకు పొరపాటున అతికే వీలే లేదు. పేరే కాపలా.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. మీ కంప్యూటర్ 64 బిట్లది. అందులో సమయం ఎప్పటి నుంచో 64 బిట్లే. కాబట్టి ఈ మార్పు వల్ల మీ యంత్రంలో అతుకు ఇసుమంత కూడా మారలేదు! మారింది పేరొక్కటే. ఎందుకంటే డెబియన్‌లో ఒక ప్యాకేజీకి అన్ని రకాల యంత్రాల మీదా ఒకటే పేరు పెట్టడం వాడుక. ఎక్కడో చిన్న ఆర్మ్ పెట్టె 2038 దాటి బతకాలని, ఆదోని డీటీపీ షాపులో పేర్లు మారాయి. మీ కంప్యూటర్‌లోని టీ64 ప్యాకేజీ చీటీ చదివితే "పాత పేరుతో నన్ను పిలిచినా పలుకుతాను" అన్న మాట కూడా ఉంటుంది. బయటి నుంచి తెచ్చి పెట్టుకున్న పాత ప్రింటర్ సాఫ్ట్‌వేరు పాత పేరునే అడిగినా పని ఆగదు. 32 బిట్ల ఆర్మ్ మీద మాత్రం ఆ మాట ఉండదు, ఉండకూడదు. ఇంత తేడాను ఒక్క వాక్యం ఉండటంలో, లేకపోవడంలో ఇమిడ్చారు.

పాత ఇంటెల్ 32 బిట్ల రకాన్ని మాత్రం కావాలనే మార్చకుండా వదిలేశారు. దాన్ని ఇప్పుడు వాడేది ముఖ్యంగా సోర్స్ దొరకని పాత ప్రోగ్రాములను నడపడానికి. అతుకు మారిస్తే వాటిని మళ్ళీ కంపైల్ చేసే దిక్కు లేదు. ఆ రకానికి కాలం 2038తోనే ఆగిపోతుంది. నా ఉద్దేశంలో సరైన నిర్ణయమే.

"ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు 2014లోనే చేసేశారు, లినక్సు వాళ్ళకు పదేళ్ళు ఎందుకు పట్టింది?" అని వెక్కిరించేవాళ్ళున్నారు. వాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. యూనిక్స్ వంశంలోదే అయిన ఓపెన్‌బీఎస్‌డీలో, వ్యవస్థకు గుండె లాంటి కెర్నెల్, ప్రధాన లైబ్రరీలు అన్నీ ఒకే ఇంట్లో ఉంటాయి. ఇంటి యజమాని ఒక రోజు నిర్ణయించి అన్నీ తిరగ కంపైల్ చేయవచ్చు. లినక్సులో కెర్నెల్ ఒకరిది, సి లైబ్రరీ ఇంకొకరిది, మిగతావి వేలమందివి. కెర్నెల్ రాసేవాళ్ళలో ఒకరైన ఆర్న్డ్ బెర్గ్‌మన్ ముందుండి ఏళ్ళ తరబడి చేసిన పని 2020లో కెర్నెల్ 5.6తో ఒక కొలిక్కి వచ్చింది. 2021లో సి లైబ్రరీ 2.34 కొత్త సూచనను అందుకుంది. ఆ తర్వాతే డెబియన్ వంతు.

2024 ఫిబ్రవరి చివర్లో మొదలైంది ఆ పని. ఏ లైబ్రరీల చీటీలలో సమయం ఉందో పరికరాలతో వెతికారు. వెతకడానికి లొంగని వాటిని కూడా మారినట్టే లెక్కగట్టారు, ఎందుకంటే అనవసరంగా తోక తగిలిస్తే నష్టం లేదు, అవసరమైన చోట మరిస్తే ఎర్రర్ రాని తప్పు మిగులుతుంది. వెయ్యికి పైగా లైబ్రరీలు తేలాయి. వాటి మీద ఆధారపడిన వేల ప్రోగ్రాములన్నీ మళ్ళీ కంపైల్ కావాలి. ఆర్మ్ మీద అది ఇంకా కష్టం: కంపైల్ చేయడానికి కావలసిన ప్రోగ్రామే కంపైల్ కాక ఆగి ఉంటుంది, అది కావాలంటే మొదటిది కావాలి. ఆ ముళ్ళు చేత్తో విప్పారు. పరీక్ష విభాగంలోకి ప్యాకేజీలను పంపే బ్రిట్నీ అనే ప్రోగ్రాము ఒకటుంది. ఏ ప్యాకేజీనీ విరగ్గొట్టని పక్షంలోనే దేన్నయినా లోపలికి రానిస్తుంది. ఈ వేల ప్యాకేజీలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి కనుక వస్తే గుంపుగా రావాలి, లేకపోతే ఒక్కటీ రాదు. వారాల తరబడి గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

ఈ మొత్తానికి ముందు నిలబడిన మనిషి స్టీవ్ లాంగాసెక్. డెబియన్‌లోనూ ఉబుంటులోనూ దశాబ్దాలు పనిచేశారు. 2025 జనవరి 1న కన్నుమూశారు. డెబియన్ 13 విడుదలను చూడలేదు. మీ తెర మీది ఆ పేర్ల జాబితాలో ఆయన చేతి పని ఉంది. వైరస్సా అని అడిగారు కాబట్టి ఇది మీకు చెప్పాలనిపించింది.

దీనివల్ల మనకేం ఒరుగుతుంది అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. నాకు ఆ ప్రశ్న నచ్చదు, అయినా చెబుతాను. 2025లో తీసుకున్న పదిహేనేళ్ళ ఇంటి అప్పు 2040లో తీరుతుంది. దాని కంతుల పట్టిక వేసే ప్రోగ్రాము 32 బిట్ల గడియారం మీద ఆధారపడితే ఈరోజే తప్పులో పడుతుంది, 2038 దాకా ఆగక్కర్లేదు. ఇంతకు మించి లాభం కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

వై నొక్కి, అంతా అయిపోయాక ఒక పని చేయండి. మీ కంప్యూటర్‌లో జెడ్‌లిబ్1జీ అనే ప్యాకేజీ ఉందేమో చూడండి. ఉంటుంది. ఫైళ్ళను కుదించే లైబ్రరీ అది, అది లేని లినక్సు అరుదు. చివర ఆ జీ ఎందుకుందో తెలుసా? సి లైబ్రరీ అయిదో రకం నుంచి ఆరో రకానికి, అంటే జీలిబ్‌సీకి మారిన రోజుల్లో ఇలాగే అతుకు మారింది, ఇలాగే పేరుకు తోక పెట్టారు. 1998లో వచ్చిన డెబియన్ 2.0 నాటి మాట. అయిదో రకాన్ని ఇప్పుడు వాడేవాళ్ళు లేరు. జీ మాత్రం అలాగే ఉంది. తీసేయాలంటే దాన్ని అడిగే ప్రతి చీటీనీ తిరగరాయాలి.