7.4 ఒకే లినక్స్ కంప్యూటర్‌ను పలువురు వాడుకోవడం

కీసరలోని ఒక ఇంటిని ఉదాహరణగా ఊహించుకొందాం. ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్. అందులో ఉబుంటు లినక్స్ ఉంది. దూరవిద్యలో డిగ్రీ చదివే అక్క, ఇంటర్ చదివే తమ్ముడు, కిరాణా కొట్టు లెక్కలు రాసుకొనే నాన్న దాన్నే వాడుతున్నారు. ముగ్గురూ ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే, కొత్త ఆటకు చోటు కోసం తమ్ముడు తొలగించిన ఫోల్డర్‌లో అక్క అసైన్‌మెంట్ కూడా పోవచ్చు. కంప్యూటర్ దృష్టిలో ముగ్గురూ ఒక్కరే కాబట్టి అది అడ్డు చెప్పదు.

1969లో మొదలైన యూనిక్స్, ఖరీదైన ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవలసిన కాలంలో ఎదిగింది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఆ పద్ధతినే అనుసరించింది. ఇందులో ప్రతి అకౌంట్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. ఉబుంటులో మొదటి అకౌంట్‌కు 1000, తరువాతి వాటికి 1001, 1002 వస్తాయి. ప్రతి ఫైలుకూ దాని యజమాని సంఖ్య జతపడి ఉంటుంది.

7.4.1 అనుమతులు

అనుమతులు యజమానికి, గ్రూపుకు, ఇతరులకు వేర్వేరుగా ఉంటాయి. చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్‌లోకి ప్రవేశించడానికి 1 విలువ. హోమ్ ఫోల్డర్‌కు 750 అనుమతి ఉంటే యజమానికి అన్ని హక్కులూ (4+2+1), గ్రూపుకు చదివే, ప్రవేశించే హక్కులు (4+1) ఉంటాయి. ఇతరులకు ఏమీ ఉండవు. ఉబుంటు 21.04 నుంచి కొత్త అకౌంట్లకు ఇదే అమలవుతోంది. అంతకుముందు 755 ఉండేది. అంటే ఇతరులు లోపలికి వెళ్లి చూడగలిగేవారు. కనుక వేరే అకౌంట్ ఉన్నంత మాత్రాన గోప్యత ఉన్నట్లు కాదు. పాత అకౌంట్ల అనుమతులను మీరే సరిచూసుకోవాలి.

కుటుంబ ఫొటోల వంటి వాటికి ముగ్గురినీ ఒక గ్రూపులో చేర్చి, ఆ గ్రూపు పేరిట ఒక ఫోల్డర్‌ను 2770 అనుమతితో ఏర్పాటు చేయవచ్చు. మొదటి అంకె 2 వల్ల అందులో సృష్టించే కొత్త ఫైళ్లు కూడా ఆ గ్రూపుకే చెందుతాయి.

7.4.2 పరిమితులు

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించిన మొదటి అకౌంట్‌కు సుడో అధికారం ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ తెలిసినవారు అందరి ఫైళ్లనూ తెరవగలరు. అందువల్ల ఆ అధికారం ఒక్కరి వద్దే ఉంచి, మిగిలినవారికి సాధారణ అకౌంట్లు ఇవ్వడం మేలు. పెన్‌డ్రైవ్‌లోని మరో లినక్స్‌తో కంప్యూటర్‌ను బూట్ చేసినవారిని ఈ అనుమతులు ఆపలేవు; అందుకు డిస్క్ ఎన్‌క్రిప్షన్ అవసరం. డిస్క్ పాడైతే అందరి ఫైళ్లూ ఒకేసారి పోతాయి కాబట్టి బ్యాకప్ తప్పనిసరి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

కొట్టు లెక్కల ఫోల్డర్‌ను నాన్న ఒక్కరే చదివి, మార్చగలగాలంటే ఏ అనుమతి ఇవ్వాలి? సుడో అధికారం ఉన్నవారికి అది వర్తిస్తుందా?