గోదారి రంగులు... మీ వంటింటి పళ్లెంలో!

భద్రాచలం వెళ్లామంటే రాములవారి దర్శనం, ప్రసాదం, వెంటనే తిరుగు బస్సు. అంతే కదూ! ఈసారి వెళ్లినప్పుడు ఒక్క గంట గోదారి గట్టున కూర్చోండి. పొద్దున్నే మంచులో దూరపు కొండ నీలంగా, దగ్గరి కొండ పచ్చగా కనిపిస్తాయి. నీటిరంగుల చిత్రకారుడికి మొదటి పాఠం అదే.

ఈ నీళ్లే పాపికొండల మధ్యగా రాజమండ్రికి చేరతాయి. అక్కడ 1897లో పుట్టిన దామెర్ల రామారావుగారు గోదావరినీ, తూర్పు కనుమలనూ చూస్తూ పెరిగారు. ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి వచ్చిన రామారావుగారు నీటిరంగులతో ఎన్నో చిత్రాలు వేశారు. 1923లో రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి, 1925లో, మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు!

ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటుంది. ఆయన భార్య సత్యవాణిగారు, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారు కూడా కుంచె పట్టినవాళ్లే. వందేళ్ల కిందటే ఆ ఇంటి ఆడవాళ్లు బొమ్మలు వేశారంటే, ‘ఈ వయసులో నాకెందుకులే’ అని మనం అనుకోవచ్చా?

పెద్ద ఖర్చేమీ లేదు. పసుపు, ఎరుపు, నీలం రంగులు మూడు, ఒక గుండ్రటి కుంచె, కాస్త మందపాటి కాగితం చాలు. రంగులు కలపడానికి పాత తెల్ల పింగాణీ పళ్లెం, నీళ్లకు రెండు గ్లాసులు (ఒకటి కుంచె కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్లకు), తుడవడానికి పాత నూలు చీర ముక్క మన ఇంట్లోనే ఉంటాయి.

నీటిరంగుల్లో తెలుపు సీసా అక్కర్లేదు. కాగితం తెలుపే మన వెలుతురు. నీటి మీద మెరుపు కావాలంటే అక్కడ రంగు వేయకుండా వదిలేయాలి, ముగ్గులో ఖాళీ వదిలినట్టు. ముందు పల్చటి రంగు, ఆరాక చిక్కటి రంగు. పల్చన అంటే నీళ్ల మజ్జిగంత పల్చన! ఆకాశానికి కాగితాన్ని ముందే తడిపితే రంగు తనంతట తనే పాకుతుంది. అడవి ఆకుపచ్చకి నీలం, పసుపు కలిపి, చిటికెడు ఎరుపు తగిలించండి. లేకపోతే ప్లాస్టిక్ ఆకులా కొట్టొచ్చినట్టుంటుంది. వానాకాలంలో రంగు ఆరడం ఆలస్యం, తొందరపడితే బురదవుతుంది. ఈలోగా పప్పు పోపు పెట్టేసుకోవచ్చు!

మరి ఏం వేయాలంటారా? ఇప్పచెట్టు, కోయ గూడెంలో అలికిన మట్టిగోడ, రేవులో నాటుపడవ. ఆలస్యం మాత్రం చేయకండి. పోలవరం ముంపు కారణంగా 2014లో ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. గోదారి పొడవునా ఊళ్లు ఖాళీ చేసి జనం వేరేచోట ఇళ్లు కట్టుకున్నారు. తాము పుట్టిన వాకిలి ఎలా ఉండేదో వాళ్ల పిల్లలకి చూపించడానికి ఏదో ఒకటి మిగలాలి కదా.

మీకూ ఒక పుట్టింటి వాకిలి ఉంటుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదట దాన్ని వేయండి. బాగా రాలేదని దిగులు పడొద్దు. మొదటి దోసె ఎవరికి సరిగ్గా వచ్చింది చెప్పండి!