చెరువు తూము, ఎక్స్ కిరణాల మెరుపు

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినట్లు 1369వ సంవత్సరపు శిలాశాసనం వల్ల తెలియుచున్నది. మంచి చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండరాని ఆరు దోషాలను ఆ శాసనంలో వరుసగా చెప్పినారు. కట్టనుండి నీరు ఊరిపోవటం అట్టి దోషాలలో ఒకటి. చినుకు చినుకుగా చేరిన నీటిని ఓర్పుతో నిలవచేసి, అవసరమైననాడు తూము ఎత్తి వదలటం మన కరువుసీమ వారికి తరతరాల విద్య. ప్రయోగశాలలో క్షణకాలం మాత్రమే మెరసే ఎక్స్ కిరణాలను పుట్టించే చిన్న యంత్రానికీ ఈ విద్యయే ఆధారం.

ఎక్స్ కిరణాలను 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గు నగరంలో రాంట్‌జెన్ కనుగొన్నాడు. మిక్కిలి వేగంగా పోవుచున్న ఎలక్ట్రాన్లు బరువైన లోహాన్ని తాకి ఆగినపుడు, వాటి శక్తిలో నూటికి ఒక వంతు మాత్రమే ఎక్స్ కిరణాలుగా మారును. తక్కినదంతా వేడియై పోవును. ఆసుపత్రి గొట్టంలో కాలిన తీగనుండి ఎలక్ట్రాన్లు ధారగా వచ్చును. కదలని ఎముకను చూచుటకు అది చాలును. కాని సెకనుకు వేయి మీటర్లు పోవు తుపాకిగుండును చిత్రించవలెనన్న మాట వేరు. సెకనులో వందవ వంతు కాలంలోనే అది పది మీటర్లు దాటిపోవును; చిత్రంలో చార తప్ప మరేమీ మిగలదు. కిరణం సెకనులో రెండు కోట్లవ వంతు మాత్రమే వెలిగినచో, గుండు అంతలో మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు మాత్రమే కదలును. చిత్రం నిలకడగా వచ్చును.

అంత చిన్న క్షణంలో అంత బలము ఎక్కడిది? ఇందుకు 1924లో ఎర్విన్ మార్క్స్ అను జర్మన్ ఇంజినీరు మంచి ఉపాయం చెప్పినాడు. బోరు మోటారు పెట్టెలో ఉండే కండెన్సరును మన రైతులందరు ఎరుగుదురు. అది విద్యుత్తును నిలవచేయు చిన్న చెరువు. ప్రయోగశాలకు తగిన పది కండెన్సర్లను తీసికొని, అన్నింటిని పక్కపక్కనే కలిపి, ఒక్కొక్కదానిని 20,000 వోల్టుల వరకు మెల్లగా నింపుదురు. పిమ్మట స్పార్కు గ్యాపులనబడు ఎడములలో నిప్పురవ్వ దుమికినంతనే అవి ఒకదానిపై ఒకటి నిలిచిన మెట్లవలె కలిసి, మొత్తం 2,00,000 వోల్టులగును.

ఒక్కొక్క కండెన్సరులో నిలువయున్న శక్తి ఒక జౌలు అనుకొందము. పదింటికి పది జౌళ్ళు. కిలో జొన్నల సంచిని నేలనుండి ఒక మీటరు ఎత్తుటకు పట్టు శక్తి ఇంతే. కాని దానిని సెకనులో రెండు కోట్లవ వంతులో వదలినచో, ఆ క్షణంలో దాని సామర్థ్యం 20 కోట్ల వాట్లు. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్కేంద్రంలో 11 కోట్ల వాట్ల యంత్రాలు ఏడు ఉన్నవి. వాటిలో ఇంచుమించు రెండింటికి సమానమైన సామర్థ్యం ఒక బల్లమీది పెట్టెలో మెరసి మాయమగుచున్నది.

ఈ మెరుపును అందుకొను గొట్టంలో కాలు తీగ ఉండదు. పదునైన లోహపు అంచునుండి విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్లను లాగివేయును. ఎదుట టంగ్‌స్టన్ మొన ఉండును. లోపల గాలిని మిక్కిలి శ్రద్ధతో తీసివేయవలెను. ఇట్టి శూన్యాన్ని సాధించు విద్యపై 1947లో ఒక ఆంగ్ల గ్రంథం రచించినవారు మన తెలుగువారే. గోదావరి సీమలో పుట్టి, సన్యసించి, ప్రాగు నగరంలో ఎక్స్ కిరణాలపై పరిశోధించి, పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాఖను నిలబెట్టిన స్వామి జ్ఞానానంద వారు.

ఈ యంత్రానికీ దోషాలు కలవు. తీగలు పొడవైనచో మెరుపు సాగిపోయి మందగించును. బంధకంలో సన్నని పగులున్నచో, కట్ట ఊరినట్లు విద్యుత్తు కారిపోవును. మెరుపు మెరుపునకు లోహపు మొన గుంటపడును. కావున తీగలు పొట్టిగాను, పరికరాలు దగ్గరదగ్గరగాను ఉంచుట ఈ నిర్మాణంలో మొదటి నియమం.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం కొలత పరికరమే మోసగించుట. గైగర్ కౌంటరు ఒక కిరణాన్ని గుర్తించిన తరువాత సెకనులో పదివేలవ వంతు కాలం వరకు రెండవదానిని చూడలేదు. మన మెరుపు అంతకు రెండువేల రెట్లు పొట్టిది. వచ్చినవి వేయి కిరణాలైనను, కోటియైనను, అది ఒక్కటి అనియే లెక్కించును. ఆ ఒక్క టిక్కు వినిన విద్యార్థి భయము లేదనుకొని యంత్రం దగ్గరకు పోవచ్చును. అందుచేత మొత్తం మోతాదును కూడబెట్టి చూపు బిళ్ళలను, అయాను పేటికలను వాడవలెను. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేనిదే ఇట్టి యంత్రాన్ని నడుపరాదు. మీట కట్టివేసిన పిమ్మట సైతం కండెన్సర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. భూమికి కలిపిన కడ్డీతో వాటిని ఖాళీచేసిన తరువాతనే చేయి పెట్టవలెను.

కిరణాలకు అడ్డుకట్ట కూడా మన నేలలోనే కలదు. పూర్వపు కడప జిల్లాలో, ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేటలో, ప్రపంచ ప్రసిద్ధమైన ముగ్గురాయి గని ఉన్నది. దానిలో అధికభాగం చమురుబావుల తవ్వకానికి పోవుచున్నది. నీటికన్న నాలుగున్నర రెట్లు బరువైన ఆ రాతిలోని బేరియం ఎక్స్ కిరణాలను మ్రింగివేయును. దాని పొడిని సిమెంటుతో కలిపి గోడలకు పూయుట ఎక్స్ కిరణశాలల నిర్మాణంలో పరిచితమైన పద్ధతి.

నీటిని నిలవచేసిన పెద్దలు తూము ఎంత ముఖ్యమో కట్ట అంతే ముఖ్యమని ఎరిగియుండిరి. మెరుపును నిలవచేయు మన పిల్లలు కూడా అడ్డుగోడ కట్టి, సరియైన కొలత పెట్టుకొని, ఆ తరువాతనే తూము ఎత్తవలెను.