రెండు ఆసులు, ఐదుగురు ప్రత్యర్థులు

మూడు ముక్కలాటలో మూడు ఆసులు పడితే ఇక ఆలోచించేదేమీ ఉండదు. ఆ ఆటకు అలవాటుపడ్డవాళ్లు పోకర్‌లో రెండు ఆసులు చూడగానే అదే ధీమాకు పోతారు. చేతికి రెండు ముక్కలిచ్చే పోకర్ రకం నో లిమిట్ హోల్డెమ్‌లో ఆ జత సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. అంతకు మించిన ఆరంభం లేదు, నిజమే. కానీ బల్ల మీద ఇంకో ఐదు ముక్కలు పడాలి. అవి అందరివీ.

చివరి ముక్క దాకా ఎవరూ తప్పుకోరనుకుందాం. ఏవో రెండు ముక్కలున్న ఒక్క ప్రత్యర్థి మీద ఆసులు గెలిచే అవకాశం సుమారు 85 శాతం. ఇద్దరైతే 73, ముగ్గురైతే 64, ఐదుగురైతే 49. తొమ్మిది మందైతే 31.

అయితే జనం పెరిగితే నష్టమేనా? చిప్స్ లెక్క అలా చెప్పదు. ముక్కలు పంచగానే తలా 100 పెట్టేశారనుకోండి. ఒక్కరి మీద 200లో 85 శాతం, అంటే 170. మనం పెట్టింది పోను 70 లాభం. ఐదుగురి మీద 600లో 49 శాతం, అంటే 294. లాభం 194. సగానికి పైగా ఆటలు ఓడుతూనే ఎక్కువ గెలుస్తాం! (చిప్స్ అన్నది లెక్క కోసమే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది.)

చిక్కల్లా అందరి దగ్గరా ఇంకా బోలెడు చిప్స్ మిగిలి ఉన్నప్పుడే. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే బ్లైండ్లు 5, 10. ముందున్న నలుగురు తలా 10 వేశారు. పాట్‌లో, అంటే బల్ల మీద పోగైన మొత్తంలో, 55. చివరి సీటులో ఆసులతో ఉన్న మనం, ఎవరూ పారిపోకూడదని ముద్దుగా 20కి పెంచాం. ఇప్పుడు చేతిలో నాలుగుల జత ఉన్నవాడు ఇంకో 10 వేసి 75 కోసం ఆడుతున్నాడు, అంటే ఒకటికి ఏడున్నర. మొదటి మూడు ముక్కల్లో అతనికి మూడో నాలుగు తగిలే అవకాశం 11.8 శాతం. అదీ దాదాపు ఒకటికి ఏడున్నరే. మన దయాగుణం అతని ఖర్చును సరిగ్గా తీర్చేసింది. తగిలాక మన దగ్గర రాబట్టేదంతా పైలాభం. అదే 80కి పెంచి ఉంటే, 135 కోసం 70 వెయ్యాల్సి వచ్చేది. ఒకటికి రెండు కూడా రాదు.

రాజుల జత ఇంకా సున్నితం. మొదటి మూడు ముక్కల్లో కనీసం ఒక ఆసు పడే అవకాశం 22.5 శాతం. ఒక ఆసు పడిందనుకుంటే, ఒక్క ప్రత్యర్థి చేతిలో ఇంకో ఆసు ఉండే అవకాశం 12.5 శాతమే. ఐదుగురుంటే ఎవరో ఒకరి దగ్గర ఉండే అవకాశం 52 శాతం. అదీ వాళ్లవి ఏవో ముక్కలనుకుంటేనే. నిజానికి ఆసు వచ్చినవాడు అంత తేలిగ్గా ముక్కలు వదిలి తప్పుకోడు. ఆ ఐదుగురిలో ఒకరు పందెం కాసి, మరొకరు దాన్ని పెంచాక కూడా రాజులను గట్టిగా పట్టుకుని కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను.